దెబ్బ తగిలిన కుక్కకు అత్యవసర వైద్యం: విరిగిన కాలి కంటే ముందు చూడాల్సినవి

కుక్క సంగతికి వచ్చే ముందు మీ చేతి గురించి చెప్పాలి. వాహనం గుద్దిన వీధి కుక్క గురించి సలహా అడుగుతూ రాసిన ఉత్తరంలో, దాన్ని ఎత్తేటప్పుడు పన్ను గీసుకుని కొద్దిగా రక్తం వచ్చిందని, అదేం పెద్ద విషయం కాదని ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. అది పెద్ద విషయమే. ఇది చదవడం ఆపి, ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. నిన్నటి గాయమైనా సరే, ఇప్పుడైనా కడగండి. తర్వాత ఈరోజే డాక్టరు దగ్గరికి వెళ్లి రేబిస్ టీకా మొదలుపెట్టించుకోండి. చర్మం తెగి రక్తం వచ్చింది కాబట్టి టీకాతో పాటు గాయం చుట్టూ వేసే ఇమ్యునోగ్లోబులిన్ (వైరస్‌ను వెంటనే అడ్డుకునే ప్రతిరక్షకాల ఇంజెక్షన్) గురించి కూడా గట్టిగా అడగండి. కుక్క మామూలుగానే ఉంది కదా అని ఆగకండి. జబ్బు లక్షణాలు బయటపడడానికి కొన్ని రోజుల ముందు నుంచే కుక్క లాలాజలంలో వైరస్ ఉండొచ్చు. మనిషికి లక్షణాలు మొదలయ్యాక బతకడం దాదాపు అసాధ్యం. అదే టీకా సమయానికి పడితే ఆ భయమే ఉండదు.

ఇక మీరు అడిగినది. నిన్న రాత్రి వాహనం గుద్ది రోడ్డు పక్కన పడి ఉన్న ఆడకుక్కను దుప్పట్లో ఎత్తి ఆసుపత్రికి చేర్చారు. ముందు కాలు ఒకటి విరిగి వేలాడుతోంది, వెనక కాళ్లు కదలడం లేదు. డాక్టరు కాలికి తాత్కాలికంగా కట్టు వేసి, ఆక్సిజన్ పెట్టి, సెలైన్ ఎక్కించి, రేపు ఉదయం ఎక్స్‌రే తీద్దామన్నారు. ఆపరేషన్ వెంటనే చేయకపోవడం మీకు నిర్లక్ష్యంగా తోచింది. మీతో కలిసి వీధి కుక్కలను ఆదుకునేవాళ్లలో కొందరు నిద్రపుచ్చేద్దామంటున్నారు, అంటే బాధ లేకుండా ప్రాణం పోయే ఇంజెక్షన్ ఇప్పిద్దామంటున్నారు, కొందరు అది ఘోరమంటున్నారు. డాక్టరు చేసింది సరైనదేనా, మీరు చేసినదాంట్లో లోపం ఉందా, రేపు ఏం నిర్ణయించాలి అని అడిగారు. నేను అత్యవసర విభాగంలో ఏళ్ల తరబడి పనిచేస్తున్న పశువైద్యురాలిని. ఇలాంటి కుక్కలే నా రాత్రి డ్యూటీల్లో ఎక్కువ. కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

మీరు రాసినదాన్ని బట్టి చూస్తే ఆ డాక్టరు చేసింది సరైన పని. విరిగిన కాలు కంటికి కనిపిస్తుంది, అందుకే మన మనసంతా దాని మీదే ఉంటుంది. కానీ వాహనం గుద్దిన కుక్క మొదటి రాత్రి చనిపోతే, ఆ కారణం దాదాపు ఎప్పుడూ లోపల ఉంటుంది. ఊపిరితిత్తులు కమిలిపోవడం, ఛాతీలో గాలి చేరడం, కడుపులో రక్తం కారడం, వీటన్నిటి వల్ల వచ్చే షాక్, అంటే అవయవాలకు రక్తం సరిగా అందని స్థితి. 15 కిలోల కుక్క ఒంట్లో మొత్తం రక్తమే సుమారు లీటరుంపావు. అందులో మూడో వంతు కడుపులోకి కారిపోయినా బయటికి ఒక్క చుక్క కనిపించకపోవచ్చు. ఆ స్థితిలో మత్తు ఇచ్చి ఎముక సరిచేయబోతే రక్తపోటు ఇంకా పడిపోయి గుండె ఆగిపోతుంది. ఎముక రెండు మూడు రోజులు ఆగినా అతుక్కుంటుంది. ఊపిరి అందకపోతే మాత్రం కొన్ని నిమిషాలు కూడా ఆగలేం.

షాక్‌ను మీరు కూడా గుర్తుపట్టగలరు. పై పెదవి ఎత్తి చిగురు చూడండి. ఆరోగ్యంగా ఉంటే గులాబీ రంగులో, తడిగా ఉంటుంది. వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోట రెండు సెకన్ల లోపే మళ్లీ రంగు వస్తుంది. రంగు రావడానికి అంతకంటే ఎక్కువ సమయం పట్టినా, చిగురు పాలిపోయి ఉన్నా, పాదాలు చల్లగా తగిలినా, తొడ లోపలి నాడి సన్నగా, మరీ వేగంగా కొట్టుకుంటున్నా అది షాక్. పుట్టుకతోనే చిగుళ్లు నల్లగా ఉన్న కుక్కలు ఉంటాయి, వాటికి కింది రెప్ప లోపలి భాగం చూడాలి. విశ్రాంతిగా ఉన్న కుక్క నిమిషానికి 10 నుంచి 30 సార్లు ఊపిరి తీస్తుంది. దెబ్బ తగిలిన కుక్క నొప్పికీ భయానికీ కూడా వగరుస్తుంది కాబట్టి లెక్క కంటే తీరు ముఖ్యం. మెడ చాచి, మోచేతులు పక్కకు పెట్టి, పొట్ట ఎగరేస్తూ గాలి లాగుతుంటే ఛాతీలో ఏదో జరిగినట్టే. అలాంటి కుక్కను బలవంతంగా పక్కకు పడుకోబెట్టకండి. తనకు వీలైన భంగిమలో ఉండనివ్వండి.

ఊపిరితిత్తులు కమిలితే ఆ వాపు మొదటి 24 నుంచి 48 గంటల్లో పెరుగుతుంది. గుండె కండరానికి దెబ్బ తగిలితే లయ తప్పడం కూడా చాలాసార్లు వెంటనే కాదు, సగం రోజు దాటాక మొదలవుతుంది. మూత్రాశయం చిట్లినా మొదట్లో కుక్క కొంచెం మూత్రం పోస్తూనే ఉండొచ్చు. గుద్దగానే లేచి పరిగెత్తింది కదా, ఏం కాలేదులే అనుకున్న కుక్కలు మర్నాటికి కుప్పకూలేది ఇందుకే. మీ కుక్కను ఒక రోజంతా కళ్ల ముందు పెట్టుకుని చూడాలన్న డాక్టరు మాటకు అర్థం అదే. ఆయన పొట్ట మీద, ఛాతీ మీద చిన్న స్కానింగ్ చేశారని కూడా రాశారు. అది గర్భం చూసే స్కానింగ్ లాంటిది కాదు. నాలుగైదు చోట్ల ప్రోబ్ పెట్టి లోపల రక్తమో గాలో చేరిందా అని మాత్రమే వెతుకుతారు, కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. కుక్కను ఎక్స్‌రే గదికి మోయకుండా, అటూ ఇటూ తిప్పకుండా తెలిసిపోతుంది కాబట్టి మొదటి గంటలో ఎక్స్‌రే కంటే ఇదే మేలు.

సెలైన్ విషయంలో కూడా ఒక మాట. ఎంత ఎక్కువ ఎక్కిస్తే అంత మంచిదని చాలామంది నమ్మకం. కిలోకు 10 నుంచి 20 మిల్లీలీటర్ల చొప్పున కొంచెం ఇచ్చి, నాడి, చిగురు, రక్తపోటు చూసి, అవసరమైతే మళ్లీ కొంచెం ఇవ్వడం ఇప్పటి పద్ధతి. రక్తం కారుతున్న కుక్కకు ఒకేసారి కుమ్మరిస్తే ఉన్న రక్తం పలచబడుతుంది, గడ్డకట్టిన చోట మళ్లీ కారుతుంది, కమిలిన ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. రక్తం ఎక్కించాల్సి వస్తే మాత్రం భయపడకండి. అంతకుముందు ఎప్పుడూ రక్తం ఎక్కించని కుక్కకు మొదటిసారి, గ్రూపు పరీక్ష చేసే వ్యవధి లేకపోయినా, మరో ఆరోగ్యమైన కుక్క రక్తం సాధారణంగా సరిపోతుంది. మీ దగ్గర టీకాలన్నీ వేసిన, బలమైన పెద్ద కుక్క ఉంటే ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పి ఉంచండి.

మీరు రాసినదాంట్లో నన్ను కలవరపెట్టింది ఒకటి ఉంది. నొప్పికి ఏం ఇచ్చారో ఎక్కడా రాయలేదు. ఇచ్చే ఉంటారు, కానీ అడిగి తెలుసుకోండి. ఎముక విరిగిన కుక్కకు నొప్పి తగ్గించడం చికిత్సలో మొదటి భాగం, తీరిక దొరికినప్పుడు చేసే పని కాదు. తీవ్రమైన నొప్పి గుండె వేగాన్ని పెంచుతుంది, ఊపిరిని పైపైనే తీయిస్తుంది, తిండి మాన్పిస్తుంది, గాయం మానడాన్ని ఆలస్యం చేస్తుంది. అరవడం లేదు కాబట్టి నొప్పి లేదనుకోవడం నేను ఎక్కువగా చూసే పొరపాటు. వీధిలో బతికిన కుక్క నొప్పిని దాచుకుంటుంది. గోడవైపు తిరిగి కూర్చోవడం, ఒకే భంగిమలో బిగుసుకుపోవడం, పిలిస్తే కళ్లు మాత్రమే కదపడం, గాయం దగ్గరికి చెయ్యి రాగానే ఊపిరి బిగబట్టడం, ఇవన్నీ నొప్పే. దీన్ని కొలవడానికి గ్లాస్గో నొప్పి స్కేలు అని ఒకటి ఉంది. కుక్క శబ్దం, నడక, గాయాన్ని తాకినప్పటి స్పందన, ప్రవర్తన చూసి 24కి మార్కులు వేస్తారు. 6 లేదా అంతకంటే ఎక్కువ వస్తే మందు పెంచాలి. నిలబడలేని కుక్కకు నడక భాగం వదిలేసి 20కి లెక్క కడతారు, అప్పుడు 5 చాలు. రెండు మూడు గంటలకోసారి ఈ లెక్క రాస్తున్నారా అని అడగండి. అడిగితే ఏ మంచి డాక్టరూ తప్పుగా అనుకోడు.

షాక్‌లో ఉన్న కుక్కకు మొదట సరిపోయేవి మార్ఫిన్, మెథడోన్, ఫెంటనిల్ జాతి మందులు. మెలోక్సికామ్ లాంటి, వాపూ నొప్పీ తగ్గించే మందులు మంచివే, కానీ రక్తపోటు నిలకడయ్యాక మాత్రమే. అంతకుముందు ఇస్తే రక్తం సరిగా అందని కిడ్నీల మీద దెబ్బ పడుతుంది. మీ తోటివాళ్లలో ఒకరు దారిలో సగం పారాసిటమాల్ మాత్ర వేద్దామన్నారని రాశారు. వేయకుండా ఆపినందుకు చాలా సంతోషం. మోతాదు మించితే పారాసిటమాల్ కుక్కల కాలేయాన్ని, ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తుంది. ఐబుప్రోఫెన్ మరీ ప్రమాదం, కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు పోతాయి. పైగా మీరు వేసిన మాత్ర వల్ల డాక్టరు ఇవ్వాల్సిన సరైన మందు ఇవ్వలేని పరిస్థితి వస్తుంది. తిండి, నీళ్లు కూడా పెట్టకండి. మత్తు ఇవ్వాల్సి వస్తే కడుపులో ఉన్నది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దాహంతో చూస్తున్న కుక్కకు నీళ్లు ఇవ్వకుండా ఉండడం ఎంత కష్టమో నాకు తెలుసు. నాలుక తడిపితే చాలు.

దుప్పట్లో ఎత్తడం మంచి ఆలోచనే. వెనక కాళ్లు కదలనప్పుడు మాత్రం వెన్ను విరిగిందనే అనుకుని, తలుపు చెక్క, ప్లైవుడ్, గట్టి అట్ట, ఏది దొరికితే అది పక్కన పెట్టి, తల, భుజాలు, నడుము ఒకే గీతలో ఉండేలా ఇద్దరు కలిసి దాని మీదికి జరపాలి. తర్వాత భుజాల మీదుగా, తుంటి మీదుగా గుడ్డ చుట్టి కదలకుండా కట్టాలి. ఒక్కరే ఉంటే దుప్పటి పరిచి, మెడ వెనకా నడుము మీదా చర్మం పట్టుకుని మెల్లగా దాని మీదికి లాగండి. చంకల కింద చేతులు పెట్టి ఎత్తితే నడుము వేలాడుతుంది, మిగిలిన నరం కూడా తెగిపోవచ్చు.

దగ్గరికి వెళ్లే తీరు కూడా ముఖ్యమే. ముందు వచ్చే వాహనాలను ఆపించండి, మీరు పడితే కుక్కను చూసేవాళ్లు ఉండరు. ఎదురుగా వంగి కళ్లలోకి చూడకుండా పక్కనుంచి, మెల్లగా మాట్లాడుతూ వెళ్లండి. చుట్టూ గుంపు ఉంటే వెనక్కి పంపండి. మూతికి మెత్తటి పొడవాటి గుడ్డ వేసి, గడ్డం కింద ఒక మెలిక తిప్పి, చెవుల వెనక కట్టండి. మీ చేతికి ఆ గాటు పడకుండా ఉండేది. ఎంత మంచి కుక్కయినా నొప్పిలో కరుస్తుంది, అది దాని తప్పు కాదు. ఊపిరి ఆడక పెనుగులాడుతున్నా, వాంతి చేసుకుంటున్నా, స్పృహలో లేకపోయినా, ముక్కు అణిగిన జాతి అయినా మూతి కట్టకూడదు. అప్పుడు తల మీద తువ్వాలు వదులుగా కప్పితే చాలు. కళ్లకు చీకటైతే చాలా కుక్కలు కుదుటపడతాయి.

రక్తం కారుతున్న చోట శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదమండి. ఆగిందా లేదా అని ఎత్తి చూడకండి, ఎత్తిన ప్రతిసారీ కట్టుకున్న గడ్డ ఊడిపోతుంది. గుడ్డ తడిస్తే దాని మీదే ఇంకొకటి వేయండి. ఛాతీకి రంధ్రం పడి గాలి శబ్దం వస్తుంటే అరచేత్తోనో శుభ్రమైన కవరుతోనో మూయండి. మూశాక ఊపిరి ఇంకా కష్టమైతే ఒక్కసారి వదిలి మళ్లీ మూయండి. పేగులు బయటికి వస్తే లోపలికి తోయకుండా తడి గుడ్డలో చుట్టి అలాగే తీసుకెళ్లండి. ఎముక చర్మం చీల్చుకుని బయటికి వచ్చినా అంతే. దానికి యాంటీబయోటిక్ ఎంత త్వరగా పడితే అంత మంచిది. విరిగిన కాలికి కర్రలు పెట్టి మీరే కట్టడం మాత్రం వద్దు. సరిగా కట్టని కర్ర విరుపు దగ్గర బరువై, అక్కడే ఇంకా విరుస్తుంది.

పాత గాయంలో పురుగులు పడ్డ కుక్కల గురించి మీరు అడగలేదు, కానీ ఈ పనిలో ఉన్నారు కాబట్టి రేపో ఎల్లుండో ఎదురవుతుంది. టర్పెంటైన్, పెట్రోలు, ఫినాయిల్ పోయకండి. పురుగులతో పాటు పచ్చి మాంసం కాలిపోతుంది, ఆ మంట మీద కుక్క పడే బాధ చూడలేం. సెలైన్‌తో ధారగా కడిగి, ఫోర్సెప్స్‌తో ఒక్కొక్కటీ తీయాలి, అదీ నొప్పి మందు ఇచ్చాకే.

దారిలో గుండె ఆగిపోతే పక్కకు పడుకోబెట్టి, ఛాతీ అత్యంత వెడల్పుగా ఉన్న చోట నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఛాతీ వెడల్పులో మూడో వంతు నుంచి సగం దాకా అణిగేలా నొక్కాలి. 30 నొక్కులకు రెండు ఊపిర్లు, మూతి గట్టిగా మూసి ముక్కులోంచి. పశువుల గుండె పునరుద్ధరణకు 2012లో వచ్చి 2024లో సవరించిన రికవర్ మార్గదర్శకాలు చెప్పేది ఇదే. ఇలాంటి దెబ్బల తర్వాత ఆగిన గుండె తిరిగి కొట్టుకోవడం అరుదు. కాబట్టి తిరిగి రాకపోతే అది మీ చేతుల్లోని లోపం అనుకోవద్దు.

ఇంకో మాట, ఇది ఈరోజే చూడండి. ఆడకుక్క అన్నారు. పాలు ఉన్నాయా? చనుమొనలు సాగి ఉంటే, నొక్కితే పాలు వస్తే, దొరికిన చోటి చుట్టుపక్కల మూలల్లో, కాలువల పక్కన, ఆగి ఉన్న బండ్ల కింద పిల్లల కోసం వెతకాలి. కళ్లు తెరవని పిల్లలు తల్లి లేకుండా ఎక్కువసేపు వేడి నిలుపుకోలేవు. తల్లిని కాపాడే హడావుడిలో ఇది మరిచిపోవడం చాలా తేలిక.

ఇప్పుడు అసలు కష్టమైన ప్రశ్న. వెనక కాళ్లు కదలకపోవడానికి వెన్ను విరగడం ఒక్కటే కారణం కాదు. తుంటి ఎముకలు విరిగినా, రెండు తొడలు విరిగినా, షాక్‌లో శక్తి లేకపోయినా కుక్క కాళ్లు ఆడించదు. తుంటి విరుపుల్లో చాలావాటికి ఆపరేషన్ కూడా అక్కర్లేదు, ఆరు నుంచి ఎనిమిది వారాలు చిన్న బోనులో కదలకుండా ఉంచితే నడుస్తాయి. కాబట్టి ఎక్స్‌రే, నరాల పరీక్ష రెండూ కాకముందే నిద్రపుచ్చుదామనడం తొందరపాటు. నొప్పి అదుపులో ఉన్నంతసేపు ఒక రోజు ఆగడం క్రూరత్వం కాదు. అదుపులో లేకపోతే మాత్రం ఒక గంట ఆగడం కూడా క్రూరత్వమే.

నరాల పరీక్షలో అన్నిటికంటే ముఖ్యమైంది లోతు నొప్పి తెలుస్తోందా అన్నది. వెనక కాలి వేలి ఎముకను ఫోర్సెప్స్‌తో గట్టిగా నొక్కుతారు. కాలు వెనక్కి లాగుకుంటే చాలు, బాగానే ఉందని చాలామంది సంబరపడతారు. అది వెన్నుపాము కింది భాగం తనంతట తాను చేసే పని, మెదడుకు తెలిసినట్టు కాదు. కుక్క తల తిప్పి చూడాలి, మూలగాలి, కరవబోవాలి. మనిషి గొంతు విని తోక ఊపినా మంచి గుర్తే. నొప్పి తెలుస్తుంటే ఆశ నిజంగా ఉంది, ఆపరేషన్‌తోనో కట్టుదిట్టమైన విశ్రాంతితోనో మళ్లీ నడిచిన కుక్కలను చాలా చూశాను. ఎక్స్‌రేలో వెన్నుపూస జరిగిపోయి, నొప్పి కూడా తెలియకపోతే నడిచే అవకాశం చాలా చాలా తక్కువ. ఇంటర్నెట్‌లో నొప్పి తెలియని కుక్క లేచి నడిచిన వీడియోలు కనిపిస్తాయి, వాటిలో ఎక్కువ డిస్క్ జారిన కుక్కలవి. వాటిలో ఆపరేషన్ తర్వాత సుమారు సగం నడుస్తాయి. ప్రమాదంలో వెన్ను విరిగిన కుక్కకు ఆ లెక్క వర్తించదు.

మీ కుక్క విషయంలో ముందు కాలు కూడా లెక్కలోకి వస్తుంది. మూడు కాళ్లతో కుక్కలు హాయిగా బతుకుతాయి, కాలు తీసేయాలంటే నేను వెనకాడను. అయితే కుక్క బరువులో దాదాపు 60 శాతం ముందు కాళ్ల మీదే ఉంటుంది. వెనక కాళ్లు బలహీనంగా మిగిలే కుక్కకు ముందు కాలు తీసేస్తే కదలడమే కష్టం. చక్రాల బండి కూడా ముందు కాళ్లు బాగుంటేనే పనికొస్తుంది. అందుకే వెనక కాళ్ల సంగతి తేలకముందు ముందు కాలి ఆపరేషన్ గురించి పట్టుబట్టకండి.

పక్షవాతంతో మిగిలిన కుక్కను రోజుకు మూడు నాలుగు సార్లు పొట్ట నొక్కి మూత్రం పోయించాలి. మూత్రం కారుతోంది కదా అని వదిలేస్తే అది నిండి పొర్లేది మాత్రమే, లోపల ఇన్ఫెక్షన్ కిడ్నీలదాకా పోతుంది. నాలుగు గంటలకోసారి పక్క మార్చాలి, లేకపోతే ఎముకలదాకా పుండ్లు పడతాయి. ఇవి చేయడానికి ఒక మనిషి, పేరుతో సహా, ఏళ్ల తరబడి ఉంటానని ఒప్పుకుంటే ఆ కుక్క సంతోషంగా బతకగలదు, అలాంటివి నాకు తెలుసు. మేమందరం చూసుకుంటాం అన్నచోట చివరికి ఎవరూ చూడరు. పుండ్లతో, తడిసిన గుడ్డల మీద నెలల తరబడి ఉంచడాన్ని నేను కాపాడడం అనలేను.

నిద్రపుచ్చాల్సి వస్తే ఎలా జరుగుతుందో తెలిస్తే భయం తగ్గుతుంది. ముందు మత్తు ఇంజెక్షన్ ఇస్తారు, కుక్క గాఢ నిద్రలోకి జారుతుంది. తర్వాత సిరలోకి పెంటోబార్బిటాల్ ఎక్కిస్తారు. సాధారణంగా ఒకటి రెండు నిమిషాల్లోనే గుండె ఆగుతుంది. కళ్లు తెరిచే ఉంటాయి, ఆగాక కూడా ఒకటి రెండు ఊపిర్లు తీసినట్టు ఛాతీ కదలొచ్చు, మూత్రం పోవచ్చు. అది బాధ కాదు, అప్పటికి దానికి ఏమీ తెలియదు. మొదట మత్తు ఇస్తారా అని తప్పకుండా అడగండి. తనను రోడ్డు మీంచి ఎత్తిన మనిషి గొంతు దగ్గర్లో ఉంటే చాలా కుక్కలు నెమ్మదిస్తాయి కాబట్టి, మీకు చేతనైతే దగ్గరే ఉండండి. చేతకాకపోతే నర్సును ఉండమనండి.

రేపు ఉదయం అందరూ వెళ్లి తలో మాట అనకుండా ఒక్కరే డాక్టరుతో మాట్లాడండి. రాత్రంతా చిగురు, నాడి, ఊపిరి ఎలా ఉన్నాయి, నొప్పి మార్కులు ఎంత, మూత్రం దానంతట అది పోసిందా లేక నొక్కి తీశారా, లోతు నొప్పి వెనక రెండు కాళ్లలోనూ తెలుస్తోందా, వెన్నుపూస ఎక్కడ ఎంత జరిగింది, తుంటి ఎలా ఉంది అని అడిగి జవాబులు రాసుకోండి. ఖర్చుకు మీ దగ్గర ఎంత ఉందో కూడా మొదటే చెప్పేయండి, దాన్ని బట్టి ఆయన ఏది ముందు చేయాలో ఆలోచిస్తారు. లోతు నొప్పి పరీక్ష ఎక్స్‌రే కోసం ఇచ్చే మత్తుకు ముందే చేయాలి, మత్తులో ఉన్న కుక్క దగ్గర ఆ జవాబుకు విలువ ఉండదు. మీరు వెళ్లేసరికి ఇంకా చేయకపోతే, అది చేశాకే మత్తు ఇవ్వమని అడగండి.